పన్నెండు గంటల సైరన్

మా ఊళ్ళో గడియారం అంటే నేనే. గొప్పకి చెప్పుకోవడం కాదు, నా ఉద్యోగమే అలాంటిది. గుట్ట మీద మంచినీళ్ళ ట్యాంకు, దాని పక్కన పంపు గది, పంపు గదిని ఆనుకుని నేనుండే ఒంటి గది. వరండా చివర ఇనుప స్తంభానికి బిగించిన సైరన్. దానికి కరెంటుతో పనిలేదు, చేత్తో పిడి తిప్పితే మోగుతుంది. పొద్దున ఐదింటికి వాల్వులు విప్పడం, ఏడింటికి కట్టేయడం, నీళ్ళలో క్లోరిన్ కలపడం, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్ తిప్పడం నా పనులు. సైరన్ మోగగానే కలప అడితిలో రంపాలు ఆగుతాయి. దర్జీ మిషను మీంచి కాలు తీస్తాడు. బడిలో పిల్లలు క్యారేజీలు విప్పుతారు. ఊరంతా నన్ను పన్నెండమ్మ అంటుంది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు.

కింద నుంచి నా గదికి నూట పన్నెండు మెట్లు. వాటిని ఎక్కి వచ్చేవాళ్ళు ఉండరు. కుళాయిల్లో నీళ్ళు రాకపోతే ఫోన్ చేసి తిడతారు, వస్తే నేనున్న సంగతే గుర్తుండదు. కూరగాయలు, సరుకులు వారానికోసారి కొట్టతను మొదటి మెట్టు మీద పెట్టి, ఒక కేక వేసి పోతాడు. మోకాలు బాగున్న రోజు చూసుకుని నేనే దిగి తెచ్చుకుంటాను. ఇంతమందికి వేళ చెబుతున్నాను కదా, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి, బాగున్నావా అని అడగరా అని మొదట్లో అనుకునేదాన్ని. తర్వాత మానేశాను. గోడ గడియారాన్ని ఎవరైనా బాగున్నావా అని అడుగుతారా?

నాకు ముందు ఈ ఉద్యోగం మా ఆయనది. ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు కూడా ఆయన పన్నెండు తప్పలేదు. జ్వరమొచ్చినా, గాలివాన కొట్టినా, మా పెళ్ళి రోజున కూడా గుట్ట మీదకి పరిగెత్తుకెళ్ళి సైరన్ తిప్పి వచ్చి మళ్ళీ నా పక్కన కూర్చున్నాడు. అప్పుడు నవ్వుకున్నారు అందరూ. తొమ్మిదేళ్ళ కిందట ఒక పొద్దున ఆయన నిద్రలేవలేదు. కబురందుకుని అందరికన్నా ముందు పైకి పరిగెత్తుకొచ్చింది ఆయన చెల్లెలు, నా ఆడపడుచు. ఇద్దరం ఆయన పక్కన కూర్చుని ఏడుస్తున్నాం. గోడ గడియారంలో పన్నెండు అయ్యింది. నేను కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళి సైరన్ తిప్పి వచ్చాను.

ఆడపడుచు ముక్కున వేలేసుకుంది. "మా అన్న శవం ఇంట్లో పెట్టుకుని నీకు చేతులెలా వచ్చాయి వదినా?" అంది. "ఆయనుంటే ఆయనే తిప్పేవాడు, లేడు కాబట్టి నేను తిప్పాను" అన్నాను. అది నిజమే, కానీ ఆ వేళ అనాల్సిన తీరు అది కాదేమో. ఆమె మళ్ళీ నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నాకూ పొగరు తక్కువేం లేదు.

ఆడపడుచు ఇల్లు పల్లపు వీధిలో. మా గుట్ట కిందే, కాలవ పక్కన, అరవై ఇళ్ళ వీధి అది. ఆమె భర్త ఏనాడో పోయాడు, పిల్లలు లేరు. ముందు గదిలో ఇస్త్రీ బల్ల పెట్టుకుని బతుకుతోంది. నా వరండాలో నిలబడితే ఆమె ఇంటి రేకులు కనిపిస్తాయి, పెరట్లో తీగ మీద ఆరేసిన ఊరందరి చొక్కాలు కనిపిస్తాయి. తొమ్మిదేళ్ళు రోజూ ఆ చొక్కాలు చూశాను.

వానాకాలం మొదట్లో జిల్లా నుంచి ఒక ఆఫీసరు వచ్చి బడిలో తుఫాను గురించి మీటింగు పెట్టాడు. నలభై కుర్చీలు వేస్తే పదకొండుమంది వచ్చారు. అందులో ముగ్గురు ఎండకి తాళలేక లోపలికి వచ్చినవాళ్ళు.

"సముద్రం మా ఊరు రావాలంటే రెండు బస్సులు మారాలి సార్" అన్నాడు కొట్టతను. "ఏడు గంటలు పడుతుంది. ఈలోపు మేం ఎటైనా పోతాంలెండి."

అందరూ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. "సముద్రం రాదు, వాన వస్తుంది. గాలి మీదాకా వచ్చేసరికి సగం చచ్చిపోతుంది, వాన చావదు. పైన పెద్ద చెరువుంది, కింద మీరున్నారు. అది నిండితే గేట్లు ఎత్తుతారు. ఎత్తితే ఆ నీళ్ళు ఎటు పోవాలో మీకు తెలియదా?" అన్నాడు.

ఆ తర్వాత తలా ఒక కాగితం పంచాడు. ఇంటి కాగితాలు ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకోవాలి. టార్చిలైటు, మందులు, మూడు రోజులకి సరిపడా మంచినీళ్ళు దగ్గరుంచుకోవాలి. కప్పు రేకులు లేచిపోకుండా తాళ్ళతో బిగించాలి, ఇంటి మీదకి వంగిన కొమ్మలు కొట్టేయాలి. సైరన్ మూడుసార్లు ఆగి ఆగి మోగితే పల్లపు వీధివాళ్ళు ఉన్నపళంగా బడికో ట్యాంకు గుట్ట మీదకో చేరాలి.

ఆ మూడుసార్లు అన్న మాట దగ్గరే చిక్కు వచ్చింది. ఎందుకంటే నాకు కుడి భుజం నొప్పి. నాలుగేళ్ళుగా ఉంది. నొప్పి ఎక్కువైన రోజు ఒకేసారి నిమిషంపాటు తిప్పలేక, కొంత తిప్పి, ఆగి, మళ్ళీ తిప్పి, మళ్ళీ ఆగి, ముక్కలు ముక్కలుగా పన్నెండు పూర్తి చేస్తున్నాను. మూడుసార్లు మోగిందంటే పన్నెండమ్మకి ఇవాళ చెయ్యి నొప్పిగా ఉందని అర్థం. ఊరికి ఆ అర్థం నేర్పింది నేనే. లేచి ఆఫీసరుతో ఆ సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. అంతమందిలో చెబితే, చెయ్యి పనిచేయనిదానికి ఉద్యోగమెందుకు అంటారేమోనని భయం వేసింది. మింగేశాను.

ఆ కాగితంలో రాసినవన్నీ మాత్రం తూచా తప్పకుండా చేశాను. ఒక్క మనిషికి సామాను సర్దుకోవడం ఎంతసేపు? పావుగంట. ఒక సంచి, ఒక టార్చి, మోకాలి నొప్పి మాత్రలు. కాగితం అడుగున 'ఆపదలో పిలవవలసిన ఇద్దరు' అని రెండు గీతలున్నాయి. మొదటి గీత మీద పెద్ద చెరువు గేట్ల దగ్గర కాపలా ఉండే మనిషి నంబరు రాశాను. నీటి మట్టం చెప్పడానికి రోజూ ఫోన్ చేసేది అతనొక్కడే. రెండో గీత దగ్గర పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ పావుగంటలో సగం అక్కడే గడిచింది. చివరికి ఖాళీగానే ఉంచి కాగితాన్ని గోడకి అంటించాను.

తుఫాను వస్తోందని రేడియోలో చెప్పిన రోజు ట్యాంకు అంచుదాకా నింపి వాల్వులన్నీ బిగించాను. వరదొస్తే ముందు కరువయ్యేది తాగే నీళ్ళే. ఆ సాయంత్రం మొదలైన వాన తెల్లవారినా తెరిపివ్వలేదు. గాలి పెద్దగా లేదు, ఆఫీసరు చెప్పినట్టే. ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన మాత్రం. కింద ఊళ్ళో ఎవరి పనిలో వాళ్ళున్నారు. వానే కదా అనుకున్నారు.

పదకొండుకి పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది. చెరువు కాపలాదారు.

"అక్కా, చెరువు గట్టులోంచి నీళ్ళు ఊరుతున్నాయి. గేట్లన్నీ ఎత్తేస్తున్నారు. రెండింటికల్లా పల్లపు వీధిలో నిలువెత్తు నీళ్ళుంటాయి. సైరన్ కొట్టు."

"పోలీసులకి చెప్పావా?"

"రోడ్డు తెగింది, ఎవరూ రాలేరు. నువ్వే..." అంటుండగానే లైను పోయింది. మళ్ళీ కలవలేదు. ఊళ్ళో ఎవరికి చేసినా ఉలుకూ పలుకూ లేదు. టవరు పడిపోయిందని తర్వాత తెలిసింది.

పరిగెత్తి పిడి పట్టుకున్నాను. మూడుసార్లు, గట్టిగా, మధ్యలో ఇరవై లెక్కపెట్టి తిప్పాను. భుజం మండిపోయింది. స్తంభం పట్టుకుని కిందకి చూశాను. పల్లపు వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. హమ్మయ్య అనుకున్నాను. ఒకాయన గడపలోకి వచ్చి చేతి గడియారం చూసుకున్నాడు. పైకి గుట్ట వైపు చూశాడు. గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ముల్లు తిప్పి లోపలికి పోయాడు. కలప అడితిలో రంపాలు ఆగాయి. పనివాళ్ళు క్యారేజీలు పట్టుకుని షెడ్డు కిందకి నడిచారు.

మళ్ళీ మూడుసార్లు తిప్పాను. ఈసారి ఎవరూ బయటకే రాలేదు. పాపం, ముసల్దానికి చెయ్యి నొప్పి, మతి కూడా తప్పుతోంది, పన్నెండుకి మళ్ళీ సరిగ్గా కొడుతుందిలే అనుకుని ఉంటారు. గొంతు చించుకుని అరిచాను. ఆ వానలో నా అరుపు నాకే వినపడలేదు.

దిగుదామని బయల్దేరాను. మెట్ల మీద నుంచి నీళ్ళు వాగులా దూకుతున్నాయి. పన్నెండో మెట్టు దగ్గర కాలు జారింది, మోకాలు మెలిపడింది. ఎంతసేపు అలా కూలబడి ఉన్నానో తెలియదు. ఇంకా వంద మెట్లున్నాయి. ఈ కాలుతో అవి దిగేసరికి నీళ్ళే నాకు ఎదురొస్తాయి. అప్పుడు ఏడ్చాను. నా మోకాలి కోసం కాదు. మీటింగులో లేచి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఉద్యోగం పోతే పోయేది. అరవై ఇళ్ళవాళ్ళ ప్రాణాలు నా ఒక్క భుజం మీద ఉన్నాయని తెలిసీ ఆ భుజం సంగతి దాచాను. చేతులూ కాళ్ళూ ఆనించి పాక్కుంటూ వెనక్కి ఎక్కాను.

వరండాకి చేరేసరికి పన్నెండుకి ఐదు నిమిషాలుంది. అలవాటుగా చెయ్యి పిడి మీదకి పోయింది. తిప్పితే ఏమవుతుంది? పదకొండుకి తప్పు కొట్టింది, ఇప్పుడు సరిదిద్దుకుంది అనుకుంటారు. మళ్ళీ గడియారాలు వెనక్కి తిప్పుకుంటారు. భోజనం చేస్తారు, కునుకు తీస్తారు. రెండింటికి నీళ్ళొస్తాయి.

అప్పుడు తట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ ఊరు విననిది ఒక్కటే ఉంది. సైరన్ మోగని పన్నెండు.

తట్టడం తట్టింది కానీ, చెయ్యి పిడి మీద నుంచి రాలేదు. తిప్పకపోతే ఎవరైనా గమనిస్తారా? గమనించినా, ఇంత వానలో నూట పన్నెండు మెట్లు ఎక్కి వచ్చి చూసేవాళ్ళెవరు? నా కోసం ఎవరొస్తారు? తొమ్మిదేళ్ళుగా రానివాళ్ళు ఇవాళ వస్తారని నమ్మి, అంతమంది ప్రాణాలు పణంగా పెట్టాలా? కానీ వేరే దారి ఏదీ లేదు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాను.

పన్నెండయింది. గోడ గడియారం ముళ్ళు రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. నేను కదల్లేదు. మా ఆయన ఉంటే నన్ను చంపేసేవాడు.

ఒక నిమిషం. మూడు నిమిషాలు. ఐదు. కింద కొన్ని తలుపులు తెరుచుకున్నాయి, కొన్ని తలలు బయటకి వచ్చాయి. దర్జీ రోడ్డు మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. అడితి పనివాళ్ళు షెడ్డు చివరికి వచ్చారు. అందరూ పైకే చూస్తున్నారు. ఎవరూ కదలడం లేదు. ఎనిమిది నిమిషాలు. నేను లేచి చెయ్యి ఊపొచ్చు, కానీ ఊపితే బతికే ఉందని లోపలికి పోతారు. స్తంభం వెనక్కి జరిగి కూర్చున్నాను. పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఉన్నంత ఒంటరిగా నేను ఎప్పుడూ లేను, మా ఆయన పోయిన రాత్రి కూడా లేను. అప్పుడు ఆయన లేడన్నది ఒక్కటే దిగులు. ఇప్పుడు నేను లేకపోయినా ఎవరికీ పట్టదని తేలిపోతుందేమోనని భయం.

మెట్ల మలుపులో నల్ల గొడుగు కనిపించింది. గాలికి తిరగబడి, ఊచలు పైకి లేచి ఉంది. దాన్ని పట్టుకున్న మనిషి దాన్ని విసిరి పారేసింది. చీర మోకాళ్ళదాకా ఎత్తి దోపి, నీళ్ళలో మెట్లని తన్నుకుంటూ వస్తోంది. నా ఆడపడుచు. ఆమె వెనక దర్జీ, అతని వెనక అడితి పనివాళ్ళు నలుగురు.

ఆమె వరండాలోకి వచ్చి నన్ను చూసింది. కళ్ళు తెరిచే కూర్చుని ఉన్నాను. గట్టిగా నా భుజం మీద ఒకటి వేసింది, సరిగ్గా ఆ నొప్పి భుజం మీదే.

"బతికే ఉన్నావా! బతికే ఉండి మోగించలేదా!"

"నీళ్ళొస్తున్నాయి" అన్నాను. "గేట్లు ఎత్తేశారు. రెండింటికల్లా మీ వీధి మునుగుతుంది. పదకొండుకి మోగించింది అందుకే. పోండి, అందర్నీ లేపండి."

దర్జీ ఇంకో మాట వినకుండా వెనక్కి తిరిగాడు. పనివాళ్ళు నాలుగేసి మెట్లు దూకుతూ పోయారు. ఆడపడుచు రెండు మెట్లు దిగి ఆగింది.

"మా అన్న పోయిన రోజే మోగించినదానివి" అంది, నా వైపు చూడకుండా. "ఇవాళ మోగించలేదంటే నువ్వే పోయావనుకున్నాను వదినా. రోజూ పన్నెండింటికి అది మోగితే, సరేలే, ఉంది అనుకునేదాన్ని. ఆ తర్వాతే కంచం ముందు కూర్చునేదాన్ని."

అని గబగబా దిగిపోయింది.

ఒంటిగంటన్నరకల్లా వీధి ఖాళీ అయింది. నడవలేనివాళ్ళని కుర్చీల్లో మోశారు. సగంమంది బడికి, సగంమంది నా దగ్గరికి. నా ఒంటి గదిలోనే నలభైమంది, మిగతావాళ్ళు పంపు గదిలో, వరండాలో. ఒకామె కుట్టుమిషను మోసుకొచ్చింది, ఒకాయన పిల్లిని తెచ్చి ఇంటి కాగితాలు మరిచాడు. నా ఆడపడుచు ఇనుప ఇస్త్రీ పెట్టెని చంకలో పెట్టుకుని వచ్చింది, దానితోపాటు ఎవరివో పదహారు చొక్కాలు. రెండుకి పది నిమిషాలుందనగా కాలవ గట్టు దాటింది. గోధుమరంగు నీళ్ళు మొదట మెల్లగా వచ్చాయి, తర్వాత కిటికీలదాకా లేచాయి. కొట్టతను, "ఏ బస్సూ ఎక్కకుండానే వచ్చేసింది" అని గొణిగాడు. ఎవరూ నవ్వలేదు. మనిషన్నవాడు ఒక్కడు కూడా పోలేదు.

సాయంత్రానికి గాలి పెరిగింది. సగం చచ్చిన గాలే, అయినా సైరన్‌ని స్తంభం నుంచి పెరికి ఎక్కడో పారేసింది. మూడో రోజు కింద బురదలో దొరికింది, వంకర్లు పోయి. కొత్తది రావడానికి మూడు నెలలు పడుతుందన్నారు. భుజం సంగతి ఆఫీసులో నేనే చెప్పాను. ఈసారి మోటారుతో తిరిగేది, రెండు రకాలుగా మోగేది పెడతామన్నారు. ఉద్యోగం గురించి ఎవరూ ఏమీ అనలేదు.

నీళ్ళు తగ్గగానే ఒక్కొక్కరూ దిగిపోయారు. ఆడపడుచు ఇల్లు ఆరేదాకా ఎనిమిది రోజులు నా దగ్గరే ఉంది. తొమ్మిదేళ్ళ మాటలన్నీ కుమ్మరించుకుంటాం అనుకున్నాను. అలా ఏమీ జరగలేదు. రెండు గదుల్లో విడివిడిగా బతికినవాళ్ళం కదా, ఒక గదిలో ఎటు తిరిగినా మోచేతులు తగిలేవి. ఒకరోజు గోడమీది కాగితం ముందు నిలబడి చాలాసేపు చదివింది.

"నా నంబరు నీకు తెలియదా?" అంది.

"తెలుసు."

ఎనిమిదో రోజు ఇస్త్రీ పెట్టె చంకలో పెట్టుకుని దిగిపోయింది. ఆ రాత్రి గది మునుపటికన్నా పెద్దదిగా అనిపించింది.

మర్నాడు వాల్వులు కట్టేశాను, క్లోరిన్ కలిపాను. పదకొండు కావస్తుంటే వరండాలోకి వచ్చి ఖాళీ స్తంభాన్ని చూశాను. ఇవాళ పన్నెండింటికి ఏం మోగుతుంది? ఏమీ మోగదు. కింద ఆ ఇంట్లో ఆమె కంచం ముందు కూర్చుంటుందా, కూర్చోదా?

చేతికర్ర తీసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాను. ఒక్కో మెట్టు దగ్గర రెండు కాళ్ళూ ఆనించి, పది మెట్లకోసారి కూర్చుంటూ దిగాను. పల్లపు వీధిలో గోడలన్నిటి మీదా కిటికీ ఎత్తున బురద గీత. ఆమె తలుపు కింది అంచు తడికి ఉబ్బిపోయి ఉంది. చేతికర్రతో తట్టాను.

"ఎవరు?"

"పన్నెండయింది" అన్నాను.

తలుపు వెంటనే తెరుచుకుంది. ఆడపడుచు ఒక కాలికి చెప్పు వేసుకుని ఉంది, రెండోది చేతిలో ఉంది. గొడుగు చంకలో ఉంది.

"పన్నెండూ ఏడు" అంది. "పైకి వద్దామని చెప్పులు వేసుకుంటున్నాను."